కొవ్వు గడ్డే కదా అని కోయించుకునే ముందు

వీపు మీదో, ముంజేతి మీదో, మెడ వెనకో చర్మం కింద మెత్తగా ఉండి వేలితో నొక్కితే పక్కకు జారిపోయే గడ్డ ఉన్నవాళ్లు మన చుట్టాల్లో ఒకరో ఇద్దరో తప్పకుండా ఉంటారు. మనం కొవ్వు గడ్డ అంటాం, డాక్టర్లు లైపోమా అంటారు. సుమారు వందమందిలో ఒకరికి ఉంటుందని లెక్క. ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. నేను రాయబోయేది దాన్ని పోలి ఉండే వేరే గడ్డల గురించి. అయినా ముందు దీన్ని దాటకుండా అసలు విషయానికి రాలేం, ఎందుకంటే అరుదైన కొవ్వు కణితుల విషయంలో చాలా నష్టం “ఇదీ అదేలే” అనుకుని కోసేయడం దగ్గరే మొదలవుతుంది.

లెక్కలు చూస్తే అలా ఎందుకు అనుకుంటారో అర్థమవుతుంది. కండ, కొవ్వు, నరం లాంటి మెత్తటి కణజాలంలో వచ్చే గడ్డల్లో క్యాన్సర్ ఒకటి ఉంటే, క్యాన్సర్ కానివి వందకు పైగా ఉంటాయి. ఈ మెత్తటి కణజాలపు క్యాన్సర్లన్నిటినీ కలిపి సాఫ్ట్ టిష్యూ సార్కోమా అంటారు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లన్నిటిలో వీటి వాటా ఒక శాతం దగ్గర్లో ఉంటుంది. అందులో ఐదో వంతో, అంతకు కాస్త తక్కువో కొవ్వు రకానివి, వాటి పేరే లైపోసార్కోమా. అంటే జిల్లా కేంద్రంలో మంచి పేరున్న సర్జన్ అయినా తన జీవితం మొత్తంలో నాలుగైదు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు, కానీ మామూలు కొవ్వు గడ్డలు వందల్లో తీసి ఉంటాడు. చెయ్యి దేనికి అలవాటు పడిందో కన్ను దాన్నే చూస్తుంది. డాక్టర్‌ను తిట్టడానికి చెప్పడం లేదు, రోగి వైపు నుంచి ఒకటి రెండు ప్రశ్నలు ఎందుకు పడాలో చెప్పడానికి.

ముందు కొన్ని భయాలు తీసేద్దాం. మామూలు లైపోమా ముదిరి క్యాన్సర్‌గా మారదు, లైపోసార్కోమా దాదాపు ఎప్పుడూ మొదటి నుంచీ లైపోసార్కోమాగానే పుడుతుంది. నెయ్యి, వేపుళ్లు తిన్నందుకు ఇవి రావు, తిండి మానేస్తే కరగవు కూడా, మనిషి చిక్కిపోయినా గడ్డ అలాగే ఉంటుంది. దెబ్బ తగిలిన చోట గడ్డ వచ్చిందని చాలామంది చెబుతారు, నిజానికి గడ్డ ముందే ఉంటుంది, దెబ్బ తగిలాక తడిమి చూసుకుంటే చేతికి తెలుస్తుంది. చాలామంది విషయంలో కారణం దొరకదు. గతంలో వేరే జబ్బుకు రేడియేషన్ పెట్టిన చోట ఏళ్ల తర్వాత సార్కోమా రావడం, లి ఫ్రామెనీ అనే వంశపారంపర్య లోపం ఉన్న కుటుంబాల్లో రావడం తెలిసిన విషయాలే, కానీ అవి మొత్తంలో చాలా కొద్ది. విపరీతంగా మద్యం తాగేవాళ్లకు మెడ చుట్టూ, భుజాల మీద కొవ్వు మేట వేసే మాడెలుంగ్ అనే జబ్బు ఒకటుంది, చూడటానికి భయంగా ఉంటుంది, క్యాన్సర్ మాత్రం కాదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? ఐదు సెంటీమీటర్లు దాటితే, అంటే పెద్ద నిమ్మకాయంత అయితే. చర్మం కింద కాకుండా ఇంకా లోపల, కండను చుట్టి ఉండే పొర దాటి ఉందనిపిస్తే. నెలల్లో పెరుగుతోందని మీకే తెలుస్తుంటే. ఒకసారి తీసేసిన చోటే మళ్లీ వస్తే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ లేకుండా కత్తి దాకా పోకూడదు. నొప్పి విషయంలో మాత్రం మన అంచనా తరచూ తలకిందులవుతుంది, నొప్పి లేదు కాబట్టి పర్వాలేదు అనుకుంటాం. లైపోసార్కోమా చాలాకాలం నొప్పి పెట్టదు. ముట్టుకుంటే చురుక్కుమనే చిన్న చిన్న గడ్డలు ముంజేతుల మీద నాలుగైదు ఉన్న కుర్రాళ్లకు తరచూ ఉండేది యాంజియోలైపోమా, అందులో కొవ్వుతో పాటు సన్నటి రక్తనాళాలు ఉంటాయి, అది హాని చేయదు.

మొదటి మెట్టు అల్ట్రాసౌండ్. చర్మం కిందే ఉన్న చిన్న గడ్డకు చాలాసార్లు అది చాలు. పెద్దదీ లోతైనదీ అయితే ఎంఆర్ఐ కావాలి, అదీ మందు ఎక్కించి, కొవ్వు సిగ్నల్‌ను అణచే పద్ధతిలో కూడా తీసినది. మామూలు లైపోమా అయితే ఆ పద్ధతిలో గడ్డ మొత్తం చర్మం కింది కొవ్వుతో పాటే నల్లబడిపోతుంది. నల్లబడకుండా మిగిలే భాగాలుంటే, లోపలి అడ్డుపొరలు రెండు మిల్లీమీటర్ల కంటే మందంగా ఉంటే, ముద్దలు ముద్దలుగా ఏదైనా కనిపిస్తే రేడియాలజిస్టు ఆగి చూస్తాడు. ఎంఆర్ఐ ఇది మామూలు లైపోమా అని నిక్కచ్చిగా చెబితే చాలావరకు నమ్మొచ్చు. అనుమానంగా ఉందని రాస్తే మాత్రం అది క్యాన్సరే అని అర్థం కాదు, ఎందుకంటే మామూలు లైపోమాలో కొంత భాగం నలిగి చచ్చిపోయినా స్కాన్‌లో అలాగే వికారంగా కనిపిస్తుంది, కండ లోపల పెరిగిన లైపోమా కూడా పోగుల మధ్యకు పాకి భయపెడుతుంది. రిపోర్టులో ఆ మాట చదివి రాత్రంతా గూగుల్ చేసి టెన్షన్ పడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. లైపోసార్కోమా అని ఒకే పేరు పెట్టినా లోపల నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి, జన్యువుల్లో జరిగిన తప్పు వేరు, వచ్చే వయసు వేరు, పాకే తీరు వేరు, మందుకు లొంగేదీ వేరు. 1857లో విర్ఖో అనే జర్మన్ డాక్టర్ దీన్ని మొదట వర్ణించాడు. 1962లో ఎంజింగర్, విన్‌స్లో అనే ఇద్దరు అమెరికన్ పాథాలజిస్టులు, అంటే తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి జబ్బు తేల్చే డాక్టర్లు, 103 కేసులను ముందేసుకుని రకాలుగా విడగొట్టారు. ఆ విభజన మీదే జన్యు పరీక్షల కాలం వచ్చాక మార్పులు చేసుకుంటూ వచ్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వేసిన పట్టికలో కొత్తగా ఇంకో రకం కూడా చేరింది.

అన్నిటికంటే ఎక్కువ కనిపించేది, అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది వెల్ డిఫరెన్షియేటెడ్ రకం. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఇది మామూలు కొవ్వులాగే ఉంటుంది, అక్కడక్కడా పెద్ద నల్లటి కేంద్రకాలున్న వింత కణాలు తప్ప. ఇదే గడ్డ తొడలోనో చేతిలోనో ఉంటే దాన్ని ఏటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ అంటారు, పొట్ట వెనక ఉంటే లైపోసార్కోమా అంటారు. కణాలు ఒకటే, జన్యువుల్లో తప్పు ఒకటే, మరి రెండు పేర్లెందుకంటే అది ఉన్నచోటును బట్టి రోగి భవిష్యత్తు మారిపోతుంది కాబట్టి. తొడలో ఉన్నదాన్ని సర్జన్ పూర్తిగా తీసేయగలడు, అది వేరే చోటికి పాకదు, ముదిరి మొండి రకంగా మారేది వందలో ఇద్దరిలోపే. పొట్ట వెనక, కిడ్నీలు, పేగులు, పెద్ద రక్తనాళాల నడుమ ఉన్నదాన్ని చుట్టూ మంచి కణజాలంతో కలిపి తీయడం దాదాపు అసాధ్యం, అందుకే మళ్లీ మళ్లీ వస్తుంది, ఐదుగురిలో ఒకరికి పైగా మొండి రకంగా మారుతుంది. ఒకే పాథాలజీ రిపోర్టు పట్టుకుని ఇద్దరు మనుషులు రెండు రకాల జీవితాలు గడపాల్సి రావడం ఈ జబ్బులోనే చూస్తాం.

దాన్ని మామూలు కొవ్వు నుంచి విడగొట్టేది ఎండీఎం2 అనే జన్యువు. పన్నెండో క్రోమోజోమ్ పొడవాటి చెయ్యిలో ఒక ముక్క తెగి, కాపీల మీద కాపీలు తయారై, తరచూ ఉంగరంలా చుట్టుకుపోయిన అదనపు క్రోమోజోమ్‌గా మిగిలిపోతుంది. ఆ ముక్కలో ఎండీఎం2, సీడీకే4 అనే రెండు జన్యువులున్నాయి. దెబ్బతిన్న కణం విడిపోకుండా ఆపే కాపలా ప్రొటీన్ పీ53ని ఎండీఎం2 నాశనం చేస్తుంది, ఆపైన సీడీకే4 కణాన్ని విడిపొమ్మని తోస్తుంది. మామూలు కణంలో ఎండీఎం2 రెండే కాపీలుంటాయి, ఈ కణితిలో పదులకొద్దీ ఉంటాయి. ఫిష్ అనే పరీక్షలో ఆ జన్యువుకు అతుక్కునే రంగు పూసి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద చుక్కలు లెక్కపెడతారు, మామూలు కణంలో రెండు చుక్కలు కనిపిస్తాయి, ఇక్కడ గుంపులుగా మెరుస్తాయి. వయసు 50 దాటి, లోతుగా, 10 సెంటీమీటర్లు దాటిన కొవ్వు గడ్డ ఉన్నా, తీసిన చోటే మళ్లీ వచ్చినా, పొట్ట వెనక ఉన్నా ఈ పరీక్ష చేయించకుండా లైపోమా అని రాసిన రిపోర్టును నేనైతే పూర్తి రిపోర్టు అనుకోను.

ఆ మొండి రకం పేరు డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా. కొవ్వులా ఉన్న గడ్డలో ఒక పక్క గట్టి మాంసపు ముద్దలాంటిది మొలుస్తుంది, అందులో కొవ్వు పోలికే ఉండదు, వేగంగా పెరుగుతుంది. పదిలో తొమ్మిది కేసుల్లో మొదటిసారి దొరికినప్పుడే ఇలా ఉంటుంది, మిగతా వాటిలో పాత గడ్డ తిరిగి వచ్చినప్పుడు మారుతుంది. ఊపిరితిత్తుల్లాంటి దూరపు చోట్లకు పాకేది 15 నుంచి 20 శాతం మందిలో. కానీ ఎక్కువమందిని కష్టపెట్టేది ఆ పాకడం కాదు, పొట్టలో అదే చోట తిరిగి తిరిగి రావడం. ఇక్కడ ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, ఒక మోసం ఉంది. సూది కొవ్వు భాగంలో దిగితే వెల్ డిఫరెన్షియేటెడ్ రకం అని వస్తుంది, పక్కనే ఉన్న ముద్దలో దిగి ఉంటే మొండి రకం అని వచ్చేది. అందుకే స్కాన్ చూసి, అన్నిటికంటే అనుమానంగా ఉన్న భాగంలోకే సూది పంపాలి.

మిక్సాయిడ్ లైపోసార్కోమా కథే వేరు. ఇది కాస్త చిన్న వయసులో, ముప్పైలు నలభైల్లో, ఎక్కువగా తొడలో వస్తుంది. లోపల జిగురులాంటి పదార్థం ఉంటుంది కాబట్టి స్కాన్‌లో నీటితిత్తిలా కనిపించి బోల్తా కొట్టిస్తుంది. 12, 16 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని ఎఫ్‌యూఎస్, డీడీఐటీ3 అనే రెండు జన్యువులు అతుక్కుపోవడం దీని గుర్తు, అది కనిపిస్తే ఇక వాదన ఉండదు. గుండ్రటి కణాలు ఐదు శాతం దాటితే ప్రమాదం పెరిగినట్టు లెక్క. మిగతా సార్కోమాలు ముందుగా ఊపిరితిత్తులకు వెళ్తాయి, ఇది వెన్నెముకకు, పొట్ట వెనక కొవ్వులోకి, శరీరంలో మరో మూలన ఉన్న కండలోకి వెళ్తుంది. ఎముకల స్కాన్, పెట్ స్కాన్ ఆ వెన్నెముక మచ్చల్ని వదిలేయగలవు, ఎంఆర్ఐ పట్టుకుంటుంది. కాబట్టి మిక్సాయిడ్ అని తేలినవాళ్లకు ఛాతీ సీటీతో సరిపెట్టకుండా వెన్నెముకకో, వీలైతే ఒళ్లంతటికో ఎంఆర్ఐ తీయాలి. దీనికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ప్లియోమార్ఫిక్ రకం పాత నాలుగు ప్రధాన రకాల్లో అన్నిటికంటే అరుదు, అన్నిటికంటే క్రూరం, మూడో వంతు నుంచి సగం మందిలో పాకుతుంది, పాకితే ఊపిరితిత్తులకే ఎక్కువ. టొరంటో మేయర్‌గా ఉంటూ వివాదాలతో ప్రపంచమంతా వార్తల్లోకెక్కిన రాబ్ ఫోర్డ్‌కు వచ్చింది ఇదే. 2014 సెప్టెంబర్‌లో కడుపు నొప్పితో ఆసుపత్రికి వెళితే పొట్టలో కణితి బయటపడింది, మేయర్ పోటీ నుంచి తప్పుకున్నాడు, కీమో, ఆపరేషన్ అన్నీ అయ్యాయి, 2016 మార్చి 22న 46 ఏళ్లకే పోయాడు. ఈ జబ్బు పేరు మామూలు జనం చెవిన పడిందంటే చాలావరకు ఆయన వల్లే.

మరోవైపు పేరు వింటే భయపెట్టే సాధువులు కూడా ఉన్నాయి. నడివయసు మగవాళ్ల మెడ వెనక, భుజాల మీద వచ్చే స్పిండిల్ సెల్ లైపోమా సూక్ష్మదర్శిని కింద వింతగా కనిపిస్తుంది, తీసేస్తే అయిపోతుంది. హైబర్నోమా గోధుమ రంగు కొవ్వుతో తయారవుతుంది, పసిపిల్లల ఒంట్లో వేడి పుట్టించే కొవ్వు అదే. అది చక్కెరను విపరీతంగా లాగేసుకుంటుంది కాబట్టి పెట్ స్కాన్‌లో భగ్గుమంటుంది, వేరే జబ్బుకు స్కాన్ తీసినప్పుడు ఇది కనిపించి మనిషి హడలిపోతాడు, తీరా చూస్తే నిరపాయం. మూడేళ్లలోపు పిల్లలకు చేతుల్లో, కాళ్లలో, ఒంటి మీద వేగంగా పెరిగే కొవ్వు గడ్డ వస్తే అది ఎక్కువగా లైపోబ్లాస్టోమా, అదీ క్యాన్సర్ కాదు, అయితే పూర్తిగా తీయకపోతే మళ్లీ వస్తుంది. అంత చిన్న పిల్లల్లో లైపోసార్కోమా దాదాపు లేనట్టే, కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే స్లైడ్లు పిల్లల పాథాలజీ తెలిసినవాళ్లకు చూపించాలి.

ఇక సూది సంగతి. “గడ్డను కెలికితే క్యాన్సర్ పాకుతుంది” అన్న మాట మన ఊళ్లల్లో ఎంత బలంగా ఉందంటే, ఆరు నెలలు పసరు కట్టు కట్టించుకోవడానికి ఒప్పుకునేవాళ్లు ముక్క పరీక్షకు ఒప్పుకోరు. లావు సూదితో ముక్క తీసినప్పుడు ఆ దారిలో కణాలు మిగిలిపోయే అవకాశం వందలో ఒకటి రెండుకు మించదు, దానికీ విరుగుడు ఉంది, తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే సూది ఎక్కడ నుంచి వెళ్లాలో ముందే చెబితే ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేయొచ్చు. పొట్ట వెనక గడ్డకైతే ముందు నుంచి కాకుండా వీపు వైపు నుంచి, సీటీలో చూసుకుంటూ గుచ్చాలి, అప్పుడు కడుపులోకి ఏదీ చిందదు. మన దగ్గర ఎక్కువగా రాసే ఎఫ్ఎన్ఏసీ, అంటే సన్న సూదితో నాలుగు కణాలు పీల్చడం, థైరాయిడ్‌కు బాగుంటుంది గానీ ఇక్కడ చాలదు. కణాలు ఏ అమరికలో ఉన్నాయో చూడాలి, జన్యు పరీక్షకు సరిపడా ముక్క ఉండాలి, రెండూ సన్న సూదితో సాధారణంగా కుదరవు. ఎఫ్ఎన్ఏసీలో లైపోమా అని వచ్చింది కదా అని తొడ లోపలి 12 సెంటీమీటర్ల గడ్డను వదిలేయడానికి వీల్లేదు.

కత్తి ముందు పెట్టి పేరు తర్వాత కనుక్కునే ఆపరేషన్లకు సార్కోమా డాక్టర్ల మధ్య ఒక వెటకారపు పేరుంది, వూప్స్ సర్జరీ. లైపోమా అనుకుని లోకల్ అనస్థీషియాలో గడ్డను తోలు ఒలిచినట్టు ఒలిచేస్తారు, పది రోజులకు పాథాలజీ రిపోర్టులో సార్కోమా అని వస్తుంది. అప్పటికి అంచుల్లో కణాలు మిగిలి ఉంటాయి, రక్తం కారిన మేరకు చుట్టూ పరుచుకుని ఉంటాయి, కోత చెయ్యి పొడవునా నిలువుగా పెట్టాల్సింది అడ్డంగా పెట్టి ఉంటే రెండో ఆపరేషన్‌లో ఆ మచ్చ మొత్తం తీయాల్సి వస్తుంది కాబట్టి మొదట్లో చిన్నగా పోయేదానికి తొడ చర్మం అతికించే దాకా పోతుంది. ఇంకా దారుణం ఏమిటంటే, తీసిన గడ్డను పరీక్షకు పంపకుండా పారేయడం. చిన్న నర్సింగ్‌హోముల్లో ఖర్చెందుకని అలా చేస్తుంటారు. తీసింది ఎంత చిన్నదైనా పాథాలజీకి పంపమని మీరే అడగండి. ఇప్పటికే అలా తీయించుకుని సార్కోమా అని తేలినవాళ్లు అంతా అయిపోయిందని కుంగిపోనక్కర్లేదు, మళ్లీ ఎంఆర్ఐ తీసి, ఆ పాత మచ్చతో సహా వెడల్పుగా తీసే ఆపరేషన్ చేస్తారు, ఫలితాలు బాగానే ఉంటాయి, కాకపోతే ఒక ఆపరేషన్‌తో పోయేది రెండవుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక ఇంకో అడుగు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. ఫ్రాన్స్, ఇటలీల్లోని మూడు ప్రాంతాల్లో సార్కోమా స్లైడ్లను నిపుణులు రెండోసారి చూస్తే 40 శాతానికి పైగా కేసుల్లో మొదటి రిపోర్టు ఎంతో కొంత మారిందని 2012లో ప్రచురించారు. అక్కడే అలా ఉంటే మన సంగతి చెప్పక్కర్లేదు. ల్యాబ్‌లో మీ ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకులుంటాయి, దాన్నుంచి కోసిన స్లైడ్లుంటాయి, అడిగితే ఇవ్వాలి. ముంబై టాటా మెమోరియల్‌లో ఎముకలు, మెత్తటి కణజాల క్యాన్సర్లకే ప్రత్యేక బృందం ఉంది. విశాఖ శివార్లలో అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా ఆసుపత్రి ఆ టాటా సంస్థదే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా అడగాల్సింది ఒకటే, సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని నా కేసు చూస్తారా అని. ఆరోగ్యశ్రీ కింద వెళ్లేవాళ్లు చికిత్స మొదలుకాకముందే స్కాన్లకు, జన్యు పరీక్షలకు ఏది పథకంలో వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో కౌంటర్‌లో తేల్చుకోవడం మంచిది.

చికిత్సలో పెద్ద పీట ఆపరేషన్‌దే. ఒకప్పుడు తొడలో సార్కోమా అంటే కాలు తీసేయడమే. 1982లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 43 మందిని రెండు గుంపులు చేసి, కొందరికి కాలో చెయ్యో తీసేసి, మిగతావాళ్లకు గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చింది, బతికిన కాలంలో తేడా కనిపించలేదు. ఇంత చిన్న అధ్యయనం ఇంతమంది కాళ్లు నిలబెట్టడం వైద్యంలో అరుదు. చేతుల్లో, కాళ్లలో ఉన్న ఏటిపికల్ లైపోమాటస్ ట్యూమర్‌కైతే వెడల్పుగా కోయడం కూడా అక్కర్లేదు, గడ్డను పగలకుండా పొరతో సహా తీస్తే చాలు, నరం పక్కన ఉంటే నరాన్ని కాపాడుకుంటారు, రేడియేషన్ మామూలుగా అవసరం పడదు.

రేడియేషన్, మన వాళ్ల మాటలో కరెంటు పెట్టడం, ఆపరేషన్‌కు ముందా తర్వాతా అన్నది ఇంకా తరచూ వచ్చే ప్రశ్న. కెనడాలో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనం ఒక స్పష్టమైన బేరం చూపించింది. ముందు పెడితే మోతాదు 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) చాలు, కానీ గాయం మానడంలో ఇబ్బందులు 35 శాతం మందికి వచ్చాయి. తర్వాత పెడితే 66 గ్రే కావాలి, గాయం ఇబ్బందులు 17 శాతానికే వచ్చాయి, కానీ ఏళ్ల తర్వాత ఆ భాగం బిగుసుకుపోయి కీలు వంగకపోవడం ఎక్కువ. గాయం ఎలాగోలా మానుతుంది, బిగిసిన తొడ జీవితాంతం ఉంటుంది, అందుకే చాలా చోట్ల ముందు పెట్టడానికే మొగ్గు చూపుతారు. మిక్సాయిడ్ రకానికి ఇందులో ఒక అదృష్టం ఉంది. నెదర్లాండ్స్ బృందం నడిపిన డోరెమీ అధ్యయనం 2021లో వచ్చింది, 50 గ్రేకు బదులు 36 గ్రే, అంటే 25 సిట్టింగులకు బదులు 18 పెట్టినా గడ్డ బాగా లొంగిందని, గాయం ఇబ్బందులు తగ్గాయని తేలింది. పల్లె నుంచి వచ్చి ఆసుపత్రి పక్కన గది అద్దెకు తీసుకుని రోజూ తిరిగేవాళ్లకు ఏడు సిట్టింగులు తగ్గడం అంటే వారం పైన కూలి మిగిలినట్టు.

పొట్ట వెనక వచ్చేవి వేరే లోకం. అక్కడ ఖాళీ ఎక్కువ, గడ్డ పేగుల్ని పక్కకు నెట్టుకుంటూ పెరుగుతుంది, 20 సెంటీమీటర్లు దాటేవరకు కూడా తెలియకపోవచ్చు. బొజ్జ వచ్చిందనుకుంటారు, చేతులు కాళ్లు సన్నబడుతూ పొట్ట ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ఒక స్కాన్ తీయించాలి. కొందరిలో ఇది గజ్జల్లోని దారి గుండా కిందికి జారి హెర్నియాలా కనిపిస్తుంది, హెర్నియా ఆపరేషన్ మధ్యలో సర్జన్ చేతికి పెద్ద కొవ్వు ముద్ద దొరుకుతుంది, ఆ ముద్దను కోసేసి కుట్టేయకుండా పాథాలజీకి పంపి, పొట్టకు సీటీ తీయించే సర్జన్ దొరకడం రోగి అదృష్టం. ఇక్కడ మొదటి ఆపరేషనే అన్నిటికంటే మంచి అవకాశం, గడ్డతో పాటు దానికి అతుక్కున్న కిడ్నీని, పెద్ద పేగు ముక్కను కలిపి ఒకే ముద్దగా తీస్తారు. బాగున్న కిడ్నీ ఎందుకు తీస్తున్నారని ఇంట్లోవాళ్లు గొడవ పడతారు, న్యాయమే, కానీ ఆ అంచున కణాలు వదిలేస్తే మూడేళ్లకో ఐదేళ్లకో అదే చోట మళ్లీ కోయాలి, ప్రతి కోతా ముందుదానికంటే కష్టం. ముందు రేడియేషన్ పెడితే లాభమా అని 266 మందితో చేసిన స్ట్రాస్ అధ్యయనం 2020లో వచ్చింది, మొత్తంగా లాభం కనిపించలేదు, కొన్ని లైపోసార్కోమా రకాల్లో కొంత మేలు ఉండొచ్చన్న సూచన మాత్రం మిగిలింది, డాక్టర్లు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

పాకిన జబ్బుకు మందులు. మొదట డాక్సోరూబిసిన్, కొందరికి దానితో పాటు ఐఫాస్ఫమైడ్. మిక్సాయిడ్ రకం కీమోకు బాగానే లొంగుతుంది, వెల్ డిఫరెన్షియేటెడ్ దాదాపు లొంగదు, పేరు సరిగ్గా తెలియాలనడానికి ఇదీ ఒక కారణం, లొంగని రకానికి కీమో ఎక్కిస్తే జుట్టు ఊడటం తప్ప మిగిలేది తక్కువ. రెండో వరుసలో రెండు మందులూ సముద్రం నుంచే వచ్చాయి. ట్రాబెక్టెడిన్ కరేబియన్ సముద్రపు సీ స్క్విర్ట్ అనే జీవిలో దొరికింది, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, మిక్సాయిడ్ రకంలో ఆ అతుక్కున్న జన్యువు చేసే పనికే ఇది అడ్డుపడుతుంది. ఎరిబ్యులిన్ మూలం జపాన్ తీరపు స్పాంజి. 2016లో ప్రచురించిన అధ్యయనంలో లైపోసార్కోమా ఉన్నవాళ్లు దీనితో సగటున 15.6 నెలలు బతికారు, పాత మందు డకార్బజీన్ తీసుకున్నవాళ్లు 8.4 నెలలు. నయం చేసే మందు కాదు, ఏడు నెలలు ఎక్కువ ఇచ్చింది, ఆ ఏడు నెలల విలువ ఎంతో బయటివాళ్లం చెప్పలేం. ఎండీఎం2 ఇంత స్పష్టమైన శత్రువు కదా, దాన్నే కొట్టొచ్చు కదా అని తయారు చేసిన మిలాడెమెటాన్ 2023లో పెద్ద పరీక్షలో ట్రాబెక్టెడిన్‌ను దాటలేకపోయింది. సీడీకే4ను ఆపే పాల్బోసిక్లిబ్, రొమ్ము క్యాన్సర్‌కు వాడేదే, కొందరిలో గడ్డను చాలాకాలం పెరగకుండా పట్టి ఉంచుతుంది, కరిగించడం అరుదు.

తీసేశాక కూడా చూపించుకోవడం ఆగదు. మొండి రకాలకు మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి ఆ చోటును పరీక్షించి ఛాతీ స్కాన్ తీస్తారు, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి. పొట్ట వెనక రకం పదేళ్ల తర్వాత కూడా తిరిగి రాగలదు కాబట్టి వాళ్లకు ఐదేళ్లు నిండాయి ఇక రానక్కర్లేదు అనే మాట వర్తించదు. చేతుల్లో, కాళ్లలో ఉన్న ఏటిపికల్ రకానికి అంత హడావిడి అక్కర్లేదు, అదే చోట మళ్లీ ఉబ్బిందేమో మీరే తడిమి చూసుకుంటూ ఉండాలి, ఉబ్బితే కొత్త స్కాన్, అవసరమైతే కొత్త ముక్క పరీక్ష, ఎందుకంటే తిరిగి వచ్చిన గడ్డ పాత గడ్డ లాంటిదే అనుకోవడానికి లేదు. పాత రిపోర్టు, పాత ఎంఆర్ఐ సీడీ, బ్లాకు నంబరు ఒకే కవర్లో పెట్టుకుని వెళ్తే డాక్టర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలడు.